ఎముకల సాక్ష్యము: ప్రాచీన ఈజిప్టున నరబలి



ఈ ప్రసంగమునకు విషయము ప్రాచీన ఈజిప్టు దేశమునందలి నరబలి. సుమారు 5,000 ఏండ్లక్రిందట నైలునది యొడ్డున ఒక రాజు మరణించినప్పుడు ఆయన పరివారమును గూడ చంపి ఆయనతో పాతిపెట్టిరా, లేదా? ఇదియే ప్రశ్న. నేరము చేసిరన్నవారు లేరు. నేరము మోపినవారు దానిని కన్నులార చూచినవారు కారు. చనిపోయినవారికి నోరు లేదు. మిగిలినవి ఎముకలును, వానిని కప్పిన మన్నును. ఈ రెంటినే సాక్షులుగా నిలువబెట్టి పండితులు నూరేండ్లకు పైగా ఈ తగవును విచారించుచున్నారు.

గ్రామములలో తగవులు తీర్చు పెద్దలు ఈ మాటలు వినుచుందురని తలంచుచున్నాను. సాక్షి చెప్పినదెల్ల నిజము కాదనియు, చెప్పనిదెల్ల అబద్ధము కాదనియు మీరెరుగనిది కాదు. కన్నదానినే చెప్పు సాక్షి యొకడు. విన్నదానిని కన్నట్లు చెప్పు సాక్షి మరియొకడు. నేను చాలకాలము వైద్యవిద్యార్థులకు అస్థిశాస్త్రము బోధించినవాడను. ఎముక మొదటి తరగతి సాక్షియని నా అనుభవము. అయితే దాని నడుగవలసిన ప్రశ్ననే అడుగవలెను. అది చెప్పని మాటను దాని నోట పెట్టరాదు.

మొదట కర్ణాకర్ణిగా వచ్చిన కథలను చూతము. ఈజిప్టున బుసిరిస్ అను రాజు పరదేశీయులను పట్టి దేవతలకు బలియిచ్చెడివాడనియు, హెరాక్లీస్ అను వీరుడు కట్లు తెంచుకొని ఆ రాజునే వధించెననియు గ్రీకులలో ఒక కథ కలదు. క్రీస్తుపూర్వము 5వ శతాబ్దమున ఈజిప్టును గురించి వ్రాసిన హెరొడోటస్ అను చరిత్రకారుడు ఇట్టి కథలను పరిహసించెను. కొన్ని జంతువులను తప్ప తక్కిన వానిని బలియిచ్చుటకే వెనుదీయు జనులు మనుష్యుల నెట్లు బలియిత్తురని ఆయన వాదము. వాదము బాగుగనే యున్నది. కాని హెరొడోటస్ మనకెంత దూరమువాడో, ఈజిప్టు తొలిరాజులు హెరొడోటసునకు ఇంచుమించు అంత దూరమువారు. రెండువేల అయిదువందల ఏండ్ల నాటి సంగతికి ఆయన సాక్షి కాజాలడు.

మరియొక కథను క్రీస్తుశకము 9వ శతాబ్దపు అరబ్బు చరిత్రకారుడు ఇబ్న్ అబ్దుల్ హకం వ్రాసెను. నైలునదికి వరద రావలెనని ఏటేట ఒక కన్యను అలంకరించి నదిలో త్రోయుట ఆచారమట. ఈ కథ లోకమంతట వ్యాపించినది. ప్రాచీన ఈజిప్టు వారి శాసనములలో గాని, చిత్రములలో గాని దీనికి ఆధారము దొరకలేదు. కావున వధించిరను కథను, వధింపరను వాదమును, రెంటిని ప్రక్కకు పెట్టి శ్మశానమునకే పోదము.

దక్షిణ ఈజిప్టున నైలునదికి పడమటి దిక్కున, పొలముల సరిహద్దు దాటిన యెడారిలో, అబైడోస్ అను పుణ్యక్షేత్రము కలదు. ఈజిప్టును ఏకచ్ఛత్రముగ నేలిన మొదటి రాజవంశము వారి సమాధులు అక్కడనే యున్నవి. వారి కాలము సుమారు క్రీస్తుపూర్వము 3000. పిరమిడ్లు పుట్టుటకు అప్పటికింకను కొన్ని శతాబ్దములు కలవు. ఆ రాజుల శ్మశానమును నేటి అరబ్బులు ఉమ్ అల్ ఖాబ్ అందురు. కుండలకు తల్లి యని దాని యర్థము. తరువాతి కాలపు యాత్రికులు నైవేద్యములు పెట్టి విడిచిన కుండల పెంకులు గుట్టలుగా పడియుండుటచే ఆ పేరు వచ్చినది.

1895 మొదలు 1898 వరకు అమెలినో అను ఫ్రెంచివాడు అక్కడ త్రవ్వించెను. ఆయన దృష్టి అందమైన వస్తువులపైననే యుండెను. 1899లో ఫ్లిండర్స్ పెట్రీ అను ఆంగ్లేయుడు వచ్చి, ముందు త్రవ్వినవారు విడిచిన చెత్తనెల్ల మరల జల్లించి, గోడలను కొలిచి, పటములు వ్రాసెను. 1901లో జేర్ అను రాజు సమాధిగోడలో ఒక సందునందు ఆయన పనివారికి నారగుడ్డ చుట్టిన ఒక చేయి దొరకినది. దానికి బంగారము, వైడూర్యము మొదలైన వానితో చేసిన నాలుగు కంకణములు ఉండెను. పెట్రీ దానిని కైరో ప్రదర్శనశాలకు పంపెను. అక్కడివారు కంకణములను దాచి, ఎముకను, గుడ్డను పారవేసిరి. ఆ కంకణములు నేటికిని ఉన్నవి. ఆ చేయి రాజుదో, రాణిదో, ఇక ఎవ్వరును చెప్పజాలరు. వెనుకటి త్రవ్వకములలో బంగారమునకు దక్కిన గౌరవము ఎముకకు దక్కలేదు. ఈ విచారణ ఇంత కష్టమగుటకు ఇది యొక ముఖ్యకారణము.

ఇక ప్రధాన విషయము. ఆ రాజుల సమాధుల చుట్టును చిన్న చిన్న సమాధులు వరుసలుగా ఉన్నవి. అహా అను రాజు సమాధికడ ముప్పదికి పైగా కలవు. ఆయన తరువాతివాడైన జేర్ సమాధి చుట్టును 300కు మించి కలవు. ఇంతేగాక, ప్రతి రాజునకును మైలుకు పైగా దూరమున, పొలముల దగ్గర, ఇటుకగోడలతో ఒక పెద్ద ప్రాకారముండెను. జేర్ రాజు ప్రాకారము చుట్టును మరి 260కి పైగా సమాధులు ఉన్నవి. ఒక్క రాజునకు ఇంచుమించు 600 మంది! కొన్నిటిపై చిన్న రాతిపలకలు నిలిపి పేర్లు చెక్కియున్నారు. వానిలో స్త్రీల పేర్లు చాల కలవు. మరుగుజ్జుల పలకలు కలవు. పెంపుడు కుక్కలకు గూడ పేర్లతో పలకలు కలవు. కనుక వీరు యుద్ధమున పట్టువడిన శత్రువులు కారు. రాజు కొలువులో తిరిగినవారు, ఆయన కన్నులయెదుట మెలగినవారు. పేరు పెట్టి, పెట్టెలో పెట్టి, పాత్రలు ప్రక్కనుంచి మర్యాదగా పాతిపెట్టిరి.

అయితే మర్యాదగా పాతిపెట్టిరన్నంత మాత్రమున చంపి పాతిపెట్టిరనుటకు వీలులేదు. మన దేశమున గూడ గురువు సమాధికి దగ్గరగా శిష్యులు సమాధులు కట్టించుకొనుట కలదు. వారు తమ కాలము తీరినప్పుడు, ఒకరి తరువాత ఒకరు, వచ్చి చేరుదురు. ఈజిప్టు పరివారము కూడ ఇట్లే చేరినదేమో! ఈ సందేహము తీరవలెనన్న తెలియవలసిన దొక్కటే: వీరందరు ఒక్కనాడు చనిపోయిరా, వేరు వేరు నాళ్లలో చనిపోయిరా?

ఈ ప్రశ్నకు మొదటి సాక్షి మన్ను.

అమెరికా దేశీయుడైన జార్జి రైస్నర్ ఇందుకొక పరీక్షను చెప్పెను. రాజు సమాధిపై కట్టిన కట్టడము చిన్న సమాధులపై కూడ పరచుకొని యున్నచో, ఆ చిన్న సమాధులను తరువాత తెరచుటకు వీలుండదు. అప్పుడు అందరు ఒక్కసారి పాతబడినవారే. వేరుగా, దూరముగా ఉన్న సమాధులను గూర్చి అట్లు నిశ్చయింపరాదు. ఈ కొలతతో చూడగా, మొదటి వంశపు చివరివారైన సెమెర్ఖెత్, ఖా అను రాజుల సమాధులకడ ఉన్న చిన్న సమాధులు రాజు సమాధి గోడలకు ఆనుకొనియే ఉండి ఒకే కప్పడము క్రిందికి వచ్చుచున్నవి. ఖా రాజు సమాధికడ అట్టివి 26. జేర్ రాజు సమాధి చుట్టునున్న వందలలో మాత్రము కొన్నిటికే ఈ నిశ్చయము చెల్లునని రైస్నర్ జాగ్రత్తగా వ్రాసెను. ఎన్ని సమాధులున్నవో అన్ని హత్యలు అని లెక్కవేయుట తొందరపాటు.

ఇటీవలి త్రవ్వకములు ఈ సాక్ష్యమును బలపరచినవి. డేవిడ్ ఓకానర్, మాథ్యూ ఆడమ్స్ అను అమెరికా పండితులు అహా రాజు ప్రాకారమును కనుగొని, దాని చుట్టును ఆరు సమాధులను త్రవ్విరి. 2004లో దానిని ప్రకటించిరి. ఆ గుంటలకు కొయ్యలతో కప్పు వేసి, దానిపై ఇటుకలు పేర్చి, మట్టిపూత పూసియుండిరి. ప్రాకారము కట్టినప్పుడు పరచిన పూతయే ఆ సమాధులపై కూడ అతుకు లేకుండ సాగియున్నది. ఇల్లలుకువారికి ఇది తెలియును. అలికిన నేలను ఒకచోట త్రవ్వి మరల పూడ్చినచో, ఎంత నేర్పుతో అలికినను అతుకు కనబడక మానదు. ఇక్కడ అతుకు లేదు. కావున ఆ ఆరుగురు ఒక్క సమయముననే భూమిలో చేరిరి.

ఒక్కసారి పాతబడిరని తేలినది. ఒక్కసారి చచ్చుటకు మహామారియో, కరవో కారణము కావచ్చును గదా! ఇక్కడ రెండవ సాక్షిని పిలువవలెను. ఆ సాక్షి చనిపోయినవారి వయస్సు.

ఎముకను జూచి వయస్సు చెప్పుట మంత్రము కాదు. పిల్లల యెముకల కొనలు వేరుగా ఉండి, పెరుగుదల ఆగినప్పుడు నడిమి భాగముతో అతుకుకొనును. ఏ యెముక ఏ యీడున అతుకుకొనునో తెలిసియున్నది. మెడక్రింద రొమ్మునకును భుజమునకును నడుమ అడ్డముగా నున్న యెముక కొన అన్నిటికంటె కడపట, 20 ఏండ్లు దాటిన చాలకాలమునకు గాని పూర్తిగా అతుకుకొనదు. దంతములు మరియొక గురుతు. ఈజిప్టు వారి రొట్టెలలో ఇసుక కలియుటచే పండ్లు త్వరగా అరగెడివి. కటి యెముకల వెడల్పును బట్టి స్త్రీయో పురుషుడో తెలిసికొనవచ్చును.

ఇప్పుడు మీ గ్రామపు శ్మశానమును తలచుకొనుడు. పూర్వకాలమున అక్కడ ఎవరెవరు ఎక్కువగా చేరెడివారు? పసిబిడ్డలు, ప్రసవమున పోయిన తల్లులు, ముసలివారు. 20 ఏండ్ల యువకుడు చనిపోవుట అరుదు. కలరా వచ్చినప్పుడైనను అది పసివానిని, ముదుసలిని విడిచి పడుచువానినే యెన్నుకొనదు. జర్మను పురాతత్త్వ సంస్థవారు 1977 నుండి ఆ రాజశ్మశానమును మరల శోధించిరి. గుంటర్ డ్రేయర్ నాయకత్వమున అహా రాజు సమాధికడ నున్న చిన్న సమాధులలో మిగిలిన యెముకలను పరీక్షింపగా, అవి చాలవరకు 25 ఏండ్లకు మించని పడుచువారివని తేలినది. వారి చెంత చిన్నవయసు సింహముల యెముకలు గూడ దొరకినవి. ఏ రోగమును ఇట్లు ఈడు చూచి ఏరుకొనదు. ఏరుకొనునది మనుష్యుడే. ఆ లోకమున రాజునకు సేవచేయుటకు బలముగలవారు కావలెను గాబోలు!

ఈ వయస్సుల పట్టిక చదివినప్పుడు నా మనస్సు కలగినది. ఎముకలు పట్టుకొనుట నాకు వృత్తి. అవి నన్ను భయపెట్టవు. కాని ఇరువది యేండ్ల యెముకకు ఇంకను చేయవలసిన పని యుండును. దాని కొనలు ఇంకను పూర్తిగా అతుకుకొని యుండవు.

మూడవ సాక్షి ఎముకపై గాయము. కథలను నమ్మువారు ముందుగా పిలుచునది ఈ సాక్షినే. నేను కడపట పిలుచుటకు కారణము కలదు. అబైడోస్ విషయమున ఈ సాక్షి ఇంచుమించు మౌనము వహించినది. అహా ప్రాకారముకడ దొరకిన యెముకలను బ్రెండా బేకర్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు పరీక్షించి, హింసచే కలిగిన గాయము కనబడలేదని చెప్పినది. గాయము లేకున్న హత్య లేదా? అట్లనరాదు. విషము ఎముకపై గురుతు నిలుపదు. గుడ్డతో ఊపిరి నాపినను నిలుపదు. గొంతు నులిమినచో నాలుక మొదట గుఱ్ఱపు లాడము వలె నుండు చిన్న యెముక ఒక్కొక్కప్పుడు విరుగును. కాని పడుచువారిలో అది మెత్తనై వంగును గాని విరుగుట తక్కువ. పైగా అంత చిన్న యెముక వేల యేండ్లు ఇసుకలో నిలుచుట దుర్లభము.

ఈ సందర్భమున ఒక వాదమును చెప్పవలెను. అబైడోస్ పరివారపు దంతములలో కొన్నిటికి గులాబివన్నె కలదనియు, అది గొంతు నులుముటకు గురుతనియు నాన్సీ లవెల్ అను శాస్త్రజ్ఞురాలు సూచించినది. ఊపిరాడక చచ్చినవారికి తలలో రక్తపు ఒత్తిడి హెచ్చి, రక్తపు రంగు దంతములోనికి ఇంకుట నిజముగా జరుగును. కాని నేటి న్యాయవైద్యులు నీట మునిగినవారిలోను, తేమగల చోట చాలనాళ్లు పడియున్న ఇతర శవములలోను అదే వన్నెను చూచినారు. కావున గులాబి దంతము, నులిమిరేమో యని అనుమానించుటకు చాలును. నులిమిరని తీర్పు చెప్పుటకు చాలదు. ఉరిత్రాడు దొరకినంత మాత్రమున ఉరితీసినట్లు కాదు గదా!

అయితే గాయములే మాట్లాడిన చోటులు వేరుగా కలవు. అబైడోస్ రాజులకు ముందు కాలపు శ్మశానములు రెండు, అడయిమా, హియెరకాన్‌పొలిస్ అనునవి, ఎగువ ఈజిప్టుననే యున్నవి. అక్కడ కొందరి మెడపూసలపై కత్తిగాట్లు దొరకినవి. పచ్చియెముక తెగిన తీరు వేరు, ఎండిన యెముక విరిగిన తీరు వేరు. పచ్చిది నున్నగా, అంచు పదునుగా తెగును. ఎండినది పుల్లవలె పెళుసుగా విరిగి, విరిగినచోట రంగు తెల్లగా కనబడును. గాయపడిన పిదప మనిషి బ్రతికియున్నచో అంచు గుండ్రనై మానుట మొదలుపెట్టును. ఈ మెడగాట్లు పచ్చియెముకపై పడినవి, మాననివి. అడయిమాలోని యిరువురి విషయమున గొంతు కోసి పిమ్మట తల వేరుచేసిరని ఫ్రెంచి పండితులు చెప్పిరి. హియెరకాన్‌పొలిస్ గాట్లను పరీక్షించినవారు మాత్రము, ఇది బలియో, శిక్షయో, చనిపోయిన పిదప శవమునకు చేసిన సంస్కారమో యని ప్రశ్నను తెరచియే యుంచిరి. గాటు కత్తిని చూపును. కత్తి పట్టినవాని మనస్సును చూపదు.

గాటును తొందరపడి చదివిన పండితులు లేకపోలేదు. నఖాదా అనుచోట 1895లో పెట్రీ త్రవ్వినప్పుడు, ఒక సమాధిలో ఎముకలు వేరుచేయబడి, కొనలు విరిగి, లోని మూలుగ తోడివేసినట్లు కనబడుటచే, నరమాంసభక్షణము జరిగినదేమో యని ఆయన వ్రాసెను. తరువాతివారు దానిని అంగీకరింపలేదు. దొంగలు కెలికిన సమాధిలోను, నక్కలు కొరికిన యెముకలలోను ఇట్టివి కనబడును. మమ్మీలలో మరియొక చిక్కు కలదు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని ప్రదర్శనశాలలో ఒక ఈజిప్టు మమ్మీ యున్నది; మీలో కొందరు చూచియుందురు. అట్లు శవమును భద్రపరచువారు ముక్కు లోపలి పలుచని యెముకను ఛేదించి మెదడును తీసెడివారు. ఎడమ డొక్కను కోసి ప్రేగులను తీసెడివారు. తెలియనివాడు ఆ కోతను జూచి ఘాతుకమనుకొనును. అది ప్రేమతో చేసిన కోత.

ఇక మన దేశపు మాట యొకటి ఈ విచారణలో ప్రవేశించిన విధమును వినుడు. ఈజిప్టునకు దక్షిణమున, నేటి సూడాను దేశమున, కెర్మా అనుచోట 1913 మొదలు 1916 వరకు రైస్నర్ త్రవ్వించెను. పెద్ద మట్టిదిబ్బ క్రింద ప్రభువు ఒక మంచముపై పరుండియుండెను. దిబ్బ నడుమ పొడుగాటి నడవయందు వందలకొలది మనుష్యుల యెముకలు. ఒక్క దిబ్బలోనే 300కు మించి లెక్కింపబడినవి. వారు పరుండిన తీరు శవములను పరుండబెట్టిన తీరు కాదు. కొందరు ముఖమును చేతులలో దాచుకొనిరి. కొందరు ఒకరినొకరు పట్టుకొనియుండిరి. ప్రాణములతో నుండగనే మన్ను కప్పిరని రైస్నర్ తలంచెను. ఈ యాచారమునకు ఆయన పెట్టిన పేరు “సతి”. మన దేశమున భర్త చితిపై భార్య సహగమనము చేయుటను బట్టి ఆ పదమును గైకొని, ఈజిప్టు రాజుల పరివార సమాధులకు గూడ ఆయన దానినే వాడెను.

రైస్నర్ ఎముకలను చక్కగా చదివెను గాని, అవి ఎవరివో పొరబడెను. అక్కడ ఈజిప్టు ప్రభువుల విగ్రహములు దొరకుటచే, కెర్మా ఈజిప్టు అధికారి శ్మశానమనుకొనెను. అది నూబియా దేశీయుల స్వతంత్ర రాజ్యమనియు, ఆ విగ్రహములు వేరుచోటినుండి తెచ్చినవనియు తరువాత తేలినది. ఆ దిబ్బల కాలము క్రీస్తుపూర్వము 1750కి తరువాతిది. అప్పటికి ఈజిప్టు రాజులు పరివారమును పాతుట మాని వేయియేండ్లకు పైబడినది. ఒకరి దోషమును వేరొకరిపై మోపుట ఇట్లు జరుగును.

అన్ని వధలును ఒక్కటి కావు. మిర్గిస్సా అను కోటకడ 1962లో ఫ్రెంచివారు ఒక విచిత్రమైన గుంపును కనుగొనిరి. శత్రువులను శపించు వ్రాతలతో పగులగొట్టిన ఎఱ్ఱకుండలు, బందీల బొమ్మలు, మట్టిపాత్రపై తలక్రిందులుగా నుంచిన ఒక పుఱ్ఱె, చెకుముకిరాతి కత్తి, ప్రక్కనే తలలేని మొండెము. కుండ పగిలినట్లు శత్రువు నశించుగాక యను క్షుద్రప్రయోగమున ఒక మనుష్యుని గూడ కుండతో సమానముగా వాడిరి. ఇక్కడ వస్తువులే కర్మకాండను చెప్పుచున్నవి. కావున ఇది నరబలియనుటకు పండితులలో సందేహము తక్కువ. అవారిస్ నగరమున 2011లో నరికిన కుడిచేతులు గుంటలలో దొరకినవి. 2023లో ప్రకటించిన పరీక్షలో అవి కనీసము 12 మందివని తేలినది. ఇవి బలి కావు, యుద్ధవిజయ చిహ్నములు. శత్రువుల చేతులు తెచ్చి రాజునుండి బంగారము బహుమానముగా పొందితినని ఒక ఈజిప్టు సైనికుడు తన సమాధిగోడపై వ్రాయించుకొనియే యున్నాడు.

ఇట్లు సాక్షులను వేరుచేసి వినగా నాకు తోచిన తీర్పు ఇది. మొదటి రాజవంశపు కాలమున, అబైడోసునందు, రాజు మరణించినప్పుడు ఆయన కొలువువారిలో కొందరిని చంపి ఆయనతో పంపిరి. మన్ను దీనిని గట్టిగా చెప్పుచున్నది. వయస్సు దానిని సమర్థించుచున్నది. గాయము కాదనలేదు, ఔననలేదు. ఎందరిని అను ప్రశ్నకు వందల సంఖ్య చెప్పుటకు వీలులేదు. ఎట్లు అను ప్రశ్నకు సమాధానము లేదు.

ఈ యాచారము నిలిచిన కాలము మూడు వేల యేండ్ల ఈజిప్టు చరిత్రలో రెండు శతాబ్దములకు మించదు. ఖా రాజుతో అది ముగిసినది. పిరమిడ్లు కట్టించిన మహారాజులకు ఇట్టి పరివార సమాధులు లేవు. సుమారు ఎనిమిది, తొమ్మిది వందల యేండ్ల పిమ్మట, షబ్తి యను చిన్న బొమ్మలు సమాధులలో కనబడును. ఆ లోకమున పని చేయుమని పిలుపు వచ్చినప్పుడు యజమానునికి బదులుగా అవి పలుకునని నమ్మకము. టుటంఖామన్ రాజు సమాధిలో అట్టి బొమ్మలు 413 ఉండెను. చంపిన సేవకులకు బదులుగానే బొమ్మలు పుట్టినవని చాలమంది చెప్పుదురు. వినుటకు సొంపుగా నున్నది. కాని నడుమ నన్ని శతాబ్దముల యెడమున్నది. తాత చేసిన అప్పును మనుమని మనుమడు తీర్చెననుటకు పత్రము కావలెను గదా! బొమ్మతో సరిపుచ్చుకొన్నవారు మనుష్యునితో సరిపుచ్చుకొన్నవారికంటె ధర్మాత్ములని మాత్రము ఒప్పుకొందము.

ఒక ప్రశ్న మిగిలినది. వారు ఇష్టపడి పోయిరా? రాజు దేవుడని నమ్మిన కాలమున, దేవునితో పోవుట భాగ్యమని యెంచి నగవుతో విషము త్రాగిరని కొందరు పండితులు ఊహింతురు. మనకిది క్రొత్త వాదము కాదు. సహగమనమును 1829లో వంగరాష్ట్రమునందును, 1830లో మదరాసు రాజధానియందును చట్టముచే నిషేధించునప్పుడు, ఆమె ఇష్టపడియే పోవుచున్నదను మాటను మన పూర్వులు ఇంటింట విని, వాదించి, బరువు తూచిరి. ఎల్లవారును కావలియుండగా, వెనుకకు తిరుగుటకు త్రోవ లేనప్పుడు పలికిన “ఔను” ఎంత విలువ గలదో పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. రైస్నర్ మన పదమును ఎరువు తీసికొన్నప్పుడు దానితోపాటు ఈ ప్రశ్నయు పోయినది. దీనికి ఎముక బదులు చెప్పదు. ఇష్టము ఎముకలో నుండదు.

కాని ఎముక ఒక సంగతిని చెప్పును, దానిని మనము వినవలెను. రాజుల పేర్లు రాతిపై నిలిచినవి. ఆ పడుచువారిలో చాలమంది పేర్లు మాసిపోయినవి. కొందరి పలకలు దొంగలు, గాలి, ఇసుక పాలైనవి. వారు జీవించిరనుటకు, పడుచువయస్సుననే ఆగిపోయిరనుటకు, ఆ యతుకుకొనని యెముక కొనలే ఋజువు. వారి ప్రక్క కంకణములు లేకపోవుటచే నూరేండ్లక్రిందట వారి యెముకలను లెక్కచేయలేదు. నేడు ఒక్కొక్క దంతమునకు సంఖ్య వేసి, పత్తిలో చుట్టి భద్రపరచుచున్నారు. ముందు వచ్చువారు మనకు తోచని ప్రశ్నలు వారి నడుగుదురు. అంతవరకు ఆ సాక్షులను పదిలముగా కాపాడుటయు, వారు చెప్పనిది చెప్పిరనకుండుటయు మన ధర్మము.

సెలవు.